మొగులయ్య బొట్టు పెట్టిన కమాన్

పురానాపూల్ దాటి బహదూర్‌పురా వైపు నడిస్తే ఎడమచేతి పక్కన మా సందు. పొద్దున లేస్తే రాతి మీద ఉలి చప్పుడు, పొద్దుగూకితే గుడ్డల్నిండా రాతి దుమ్ము. రోళ్లు, విసుర్రాళ్లు, గడపరాళ్లు, గోరీ రాళ్లు ఏవి కావాలన్నా జనం మా సందుకే వచ్చేవాళ్లు. నేను అక్కడికి కోడలిగా వచ్చేనాటికే మొగులయ్య పేరున్న మనిషి. మా ఇంటికీ వాళ్లింటికీ మధ్య ఒకటే గోడ, అది నా భుజం దాకా కూడా లేదు. అందుకని నేను చెప్పేదాంట్లో సగం కళ్లారా చూసింది, సగం ఆ గోడ మీంచి విన్నది. మిగతాది అతని భార్య మాణిక్యమ్మ చెప్పింది. లెక్క కుదరలేదంటారా, మాణిక్యమ్మ ఎంత మాట్లాడేదో మీకు తెలియదు.

మొగులయ్య సుత్తికి ఒక మర్యాద ఉండేది. కొత్త ఇంటికి గడప నిలబెట్టాలన్నా, బావికి ఒర కట్టాలన్నా, ఆఖరికి మసాలా నూరుకునే బండ కొనాలన్నా ముందు అతన్ని పిలిచేవాళ్లు. అతను రాతి పక్కన గొంతుక్కూర్చుని, సుత్తితో మెల్లగా తట్టి, చెవి వంచి వినేవాడు. ఖంగుమంటే రాయి మంచిది. బొద్దుగా పలికితే లోపల పగులు ఉన్నట్టు. మంచిదైతే మొలలోంచి జాజు ముద్ద తీసి, తడిపి, రాతి మీద ఎర్రగా బొట్టు పెట్టేవాడు. మొగులయ్య బొట్టున్న రాయిని మళ్లీ ఎవరూ అనుమానించేవాళ్లు కాదు. ఆ బొట్టు పెట్టేటప్పుడు అతని మొహం చూడాలి, పెళ్లికూతురికి బాసికం కట్టే పెద్దముత్తైదువ కూడా అంత బిగుసుకుపోదు.

అతనికి ప్రాణమిత్రుడు ఎదురింటి అబ్దుల్ వాహెద్ భాయ్. గోరీల మీద పేర్లు, దువాలు వాహెద్ భాయ్ సుద్దతో రాసేవాడు, మొగులయ్య ఆ గీతల వెంబడి చెక్కేవాడు. ఇతనికి ఉర్దూలో ఒక్క అక్షరం రాదు, ఆయనకు సుత్తి పట్టడం రాదు. ఇద్దరూ కలిసి ఎంతమందిని సాగనంపారో వాళ్లకే తెలియదు.

మొగులయ్యకు ముప్పై దాటిన కొత్తలో, విశాఖపట్నం దిక్కు రేవు పని నడుస్తోంది, రాళ్లు కొట్టేవాళ్లకు కూలి బాగా గిట్టుతుందని ఒక మేస్త్రీ వచ్చి మా సందులోంచి కొందరిని తీసుకుపోయాడు. మొగులయ్య, అతని బావమరిది రాజన్న కూడా వెళ్లారు. అప్పటిదాకా మా సందులో సముద్రం చూసినవాళ్లు ఎవరూ లేరు. మాకు నీళ్లంటే మూసీ, మీరాలం చెరువు, హుసేన్‌సాగర్. ఏడాది గడిచాక మొగులయ్య తిరిగొచ్చాడు. వస్తూ వస్తూ ఒక కథ మోసుకొచ్చాడు. దాన్ని నేను ఎన్నిసార్లు విన్నానంటే, నాకే ఆ ఉప్పుగాలి ముక్కుకు తగిలినట్టుండేది.

అక్కడ ఇశ్రాయేలు అనే పడవవాడు స్నేహమయ్యాడట. రేవు పనికి రాళ్లు పడవల్లో చేరవేసేవాడు. ఒక ఆదివారం పని లేనప్పుడు తన పల్లెకు రమ్మని తీసుకుపోయాడట. ఆ పల్లె దగ్గర కొండ ఒకటి సముద్రంలోకి కాలు చాపుకుని ఉంది. ఆ కాలి మధ్యలో పెద్ద కంత. కంతలోంచి చూస్తే అవతలి సముద్రం, ఆకాశం కనిపిస్తాయి. పల్లెవాళ్లు దాన్ని గుమ్మం అంటారు. దాని నీడన పడవలు లాగి పెట్టుకుంటారు, వలలు బాగుచేసుకుంటారు.

"మేస్త్రీ లేడు, సున్నం లేదు, గచ్చు లేదు," అనేవాడు మొగులయ్య, రెండు చేతులూ పైకెత్తి కమాన్ ఆకారం చూపిస్తూ. "దేవుడే నిలబెట్టిన కమాన్. అంబారీ పెట్టిన ఏనుగు తల వంచకుంట పోతది దాంట్లకెల్లి."

వినేవాళ్లు నోళ్లు తెరిచేవాళ్లు. కమాన్లంటే మాకు కొత్తేమీ కాదు. కమాన్ల కిందే పుట్టి, కమాన్ల కిందే బేరాలాడి, కమాన్ల కిందే పోయే ఊరు మాది. కానీ ఏ నవాబూ కట్టించని కమాన్ అంటే వినడానికి వింతగానే ఉండేది.

"చార్‌కమాన్ ఉన్న ఊరికి ఐదో కమాన్ తెచ్చినవ్ మొగులయ్యా," అన్నాడు వాహెద్ భాయ్. ఆ మాట సందంతా పట్టుకుంది. చార్మినార్ దగ్గరి నాలుగు కమాన్లకు తోడుగా, అప్పటినుంచి మాకు అది ఐదో కమానే.

కథలో అసలు ఘట్టం ఆ తర్వాత వచ్చేది. ఇశ్రాయేలు నానమ్మ నాగమణమ్మ అనే ముసలావిడ, సముద్రం ఆ గుమ్మాన్ని ఏడాదికి కొంత చొప్పున తినేస్తోందని, ఎప్పుడో కూలుతుందని అన్నదట. మొగులయ్యకు నవ్వొచ్చిందట. నీళ్లు రాయిని తినడమేమిటి? అతని చిన్నతనంలో మూసీ పొంగి ఇళ్లకు ఇళ్లే కొట్టుకుపోయాయి. అతని మేనత్త కుటుంబం ఆ వరదలోనే పోయింది. కానీ నీళ్లు తీసేనాటికి పురానాపూల్ తన కమాన్లతో సహా నిలబడే ఉంది. ఆ పొద్దు ఆ వంతెన చూసిన పిల్లవాడికి నీటిని తట్టుకునేది కమాన్ ఒక్కటేనని మనసులో పడిపోయింది. రాళ్లు కొట్టే పనిలో పెరిగినవాడికి ఇంకో నమ్మకం కూడా ఉండేది. మా దగ్గర గుట్టలు గుట్టలుగా పేర్చినట్టున్న బండలు తాతల కాలంనాటి చోటునుంచి కదలవు. మనిషి ఉలి పెడితే తప్ప రాతికి చావు లేదు.

"నేను పోయి సుత్తితోని కొట్టి చూసిన. ఖంగుమన్నది! పల్లె పల్లెంత గుమిగూడి, ఏమంటవ్ అయ్యా, నిలుస్తదా అని అడిగిన్రు. నిలుస్తది, మీ మనుమలు ముసలోళ్లయినా నిలుస్తది అని చెప్పి బొట్టు పెట్టిన. ఫికర్ లేకుంట పడవలు పెట్టుకోండి అన్న," అని ముగించేవాడు. అప్పుడు రుమాలు తీసి మొహం తుడుచుకుని మళ్లీ చుట్టుకునేవాడు. ఆ రుమాలు చుట్టడంలోనే ఉండేది అతని గొప్పంతా.

రాజన్న మరోసారి అటువైపు పనికి వెళ్లాడు. ఐదారేళ్లకు ఒక కార్తీకమాసంలో తిరిగొచ్చాడు. నేను పెరట్లో గిన్నెలు తోముతున్నాను. గోడ అవతల బావాబావమరుదుల మాటలు వినబడ్డాయి.

"బావా, గా కమాన్ పోయింది."

"ఏ కమాన్?"

"నీదే. ఐదో కమాన్."

నేను గిన్నె పక్కన పెట్టాను. రాజన్న మెల్లగా చెప్పుకొచ్చాడు. దీపావళి ముందు తుపాను పట్టిందట. అలలు ఎన్నేళ్లనుంచో కొండ కాళ్లను అడుగున తొలుస్తూనే ఉన్నాయట. పైన చూస్తే రాయి రాయిలాగే ఉండి, కింద నీటి మట్టం దగ్గర లోపలికంటా గుహలా పోయిందట. ఒక పొద్దున పైకప్పు విరిగి నీళ్లలో పడింది. కొండ కొన ఒంటి స్తంభంలా మిగిలింది. మనుషులెవరూ లేరు కాబట్టి ప్రాణాలు దక్కాయి. నీడన లాగి పెట్టిన పడవలన్నీ నుగ్గయిపోయాయి.

"ఇశ్రాయేలు పడవ గూడనా?" అన్నాడు మొగులయ్య.

"అన్నీ పోయినయ్ బావా. ఆయన పడవ అందరికంటె లోపల ఉండె."

"నువ్వు గీ ముచ్చట ఎవ్వనికి చెప్పకు," అన్నాడు మొగులయ్య. "నీ అక్క మీద ఒట్టు."

రాజన్న చెప్పలేదు. నేను కూడా చెప్పలేదు. నాకు చెప్పుకోవడానికి ఇంతకంటే రుచికరమైన సంగతులు ఆ సందులో చాలా ఉండేవి. పైగా ఒక రాయి పడిపోతే మగవాడు ఇంత దాచడం ఎందుకో నాకు అప్పుడు అర్థం కాలేదు. అర్థమైంది మాణిక్యమ్మ చెప్పాక. అతను రాత్రింబగళ్లు ఒకటే మాట అంటున్నాడట: "నేను నిలుస్తది అన్న. వాడు నమ్మి పెట్టిండు."

అప్పటినుంచి మొగులయ్య బొట్టు పెట్టడం మానేశాడు. ఎవరైనా రాయి చూడమని పిలిస్తే, చెవి సరిగ్గా వినబడటం లేదనేవాడు. వినబడకేం, మేము గోడ ఇవతల గుసగుసలాడితే అవతలినుంచి దగ్గేవాడు. జనం మాత్రం పెద్దవాడవుతున్నాడని జాలిపడ్డారు. ఆ జాలికి అతను ఇంకా కుంచించుకుపోయేవాడు. ఉలి పనిలో మాత్రం లోటు లేదు, పగలంతా కొడుతూనే ఉండేవాడు. చెక్కేవాడే గానీ, ఇది మంచిదని గానీ చెడ్డదని గానీ నోరు తెరిచేవాడు కాదు.

బొట్టయితే మానేశాడు గానీ కథను మానేయడం అతని చేతుల్లో లేదు. ఎవరింటికి చుట్టాలొచ్చినా, "మా మొగులయ్య ఐదో కమాన్ చూసొచ్చిండు, చెప్పించుకోండి," అని తీసుకొచ్చి కూర్చోబెట్టేవాళ్లు. లేని కమాన్‌ను ఉన్నట్టు చెప్పాలి. ఇదివరకు ఆకాశం దాకా లేచే చేతులు ఇప్పుడు ఒళ్లోనే ఉండేవి. చెప్పేటప్పుడు నేలమీది రాతి పలుకులు ఏరుతూ ఉండేవాడు. అయినా చెప్పేవాడు, ఏం చేస్తాడు పాపం. పాపం అని ఇప్పుడంటున్నాను. అప్పట్లో నాకు చిరాకు వేసేది. ఆ ఒక్క మాట అనేసి హాయిగా ఉండొచ్చు కదా అని నాకు గొంతుదాకా వచ్చేది.

అదే ఏడాది వాహెద్ భాయ్ భార్య షౌకత్ బీ హజ్‌కు బయల్దేరింది. హజ్‌కు వెళ్లేవాళ్లు ముందు ఇల్లిల్లూ తిరిగి, తెలిసీ తెలియకా అన్న మాటలకు, చేసిన తప్పులకు మాఫీ అడిగి గానీ గడప దాటరు. షౌకత్ బీ మా ఇంటికి వచ్చి, ఎప్పుడో నల్లా దగ్గర నీళ్ల వంతు కోసం జరిగిన లొల్లికి నా చేతులు పట్టుకుని మాఫీ అడిగింది. ఆ లొల్లిలో తప్పు నాది. నాకు ఏడుపొచ్చింది. తర్వాత ఆమె మొగులయ్య ఇంటికి వెళ్లింది.

"కహా సునా మాఫ్ కర్నా మొగులయ్యా," అన్నది. "ఎన్నోసార్లు నీ సుత్తి చప్పుడుకు తిట్టుకున్న."

మొగులయ్య లేచి నిలబడి, "అయ్యో అమ్మా, గదేం మాట," అన్నాడు.

"జహాజ్ మీద పోవాలంటే భయమైతుంది. సముందర్ చూసినోనివి నువ్వొక్కనివే. నీ కమాన్ గిట్ల జహాజ్ మీదికెల్లి కనబడ్తదా? ఇంక గట్లనే ఉన్నదా అది?"

ఆమె వెళ్లేది బొంబాయి వైపు, ఈ కమాన్ ఉండేది ఇంకో సముద్రం మీద. మాకెవరికీ ఆ సంగతి తెలియదు. మాకు సముద్రం అంతా ఒకటే. నేను గోడ మీద చేతులు పెట్టుకుని చూస్తున్నాను. ఇప్పుడైనా చెప్తాడనుకున్నాను. తప్పులన్నీ విప్పి చెప్పుకుని పోవడానికి వచ్చిన మనిషి ఎదురుగా నిలబడి ఉంది. ఇంతకంటే మంచి అదను ఎవరికి దొరుకుతుంది?

"ఉంటది," అన్నాడు మొగులయ్య. "ఎక్కడికి పోతది?"

షౌకత్ బీ దువా చేసి వెళ్లిపోయింది. అతను ఆ పూట అన్నం ముట్టలేదని మాణిక్యమ్మ చెప్పింది. హజ్‌కు పోయే మనిషి ముందు అబద్ధమాడాక ఎలా దిగుతుంది ముద్ద?

ఆ తర్వాత వచ్చిన ఎండాకాలంలో ఒక మధ్యాహ్నం, మొగులయ్య వాకిట్లో చింతచెట్టు నీడన గోరీ రాయి చెక్కుతున్నాడు. సందు మొదట్లో ఎవరో ఇల్లు అడుగుతున్నారు. మా మాట కాదు, కోస్తా మాట. "మొగులయ్యన్న ఇల్లు ఏదండీ? రాళ్లు కొడతాడు, రేవు పనికి వచ్చాడు..." సుత్తి చప్పుడు ఆగింది. నేను తల ఎత్తేసరికి మొగులయ్య ఉలి అక్కడే పడేసి ఇంట్లోకి వెళ్లిపోతున్నాడు.

"వాడే," అన్నాడు మాణిక్యమ్మతో. "ఇశ్రాయేలు. నేను లేనని చెప్పు."

"ఎందుకు లేవు?"

"చెప్పు అంటున్న గదా. ఊరికి పోయిండని చెప్పు. అందరి ముంగట అడుగుతడు నన్ను. నా బొట్టు నమ్మి మునిగినోడు అడగకుంట ఉంటడా?"

నల్లగా, పొడుగ్గా ఉన్న మనిషి వాకిట్లోకి వచ్చాడు. చొక్కా చెమటకు వీపుకు అంటుకుపోయింది. "అన్నా, ఉన్నావా?" అని పిలిచాడు. ఆ గొంతులో కోపం నాకేమీ వినిపించలేదు. మాణిక్యమ్మ తలుపు దగ్గర నిలబడి, "ఊరికి పోయిండయ్యా," అన్నది.

"ఎప్పుడొస్తాడమ్మా?"

"తెల్వది. నెల పట్టొచ్చు, రెండు నెల్లు పట్టొచ్చు."

ఆ మనిషి చింతచెట్టు కింద సగం చెక్కిన రాయిని, పక్కన పడున్న ఉలిని చూశాడు. తర్వాత చంకలోని మూట విప్పి, ఆకులో చుట్టిన ఎండుచేపలు తీసి గడప మీద పెట్టాడు. "అన్నకి ఇట్టం," అన్నాడు. వచ్చిన దారినే వెళ్లిపోయాడు.

ఆ చేపలు వాళ్లింట్లో ఎవరూ ముట్టలేదు. మాణిక్యమ్మ గోడ మీంచి నాకు ఇచ్చేసింది. నేను చింతకాయ వేసి వండాను. మస్తు రుచిగా ఉన్నాయి, అబద్ధం ఎందుకు చెప్పాలి?

తింటూ ఉండగానే అవతల గొడవ మొదలైంది. "నా నోట అబద్ధం ఆడించినవ్," అంటోంది మాణిక్యమ్మ. "ఎండల పడి వచ్చినోన్ని కూసో అనలే, నీళ్లు తాగు అనలే. వాడు అడిగితే అడుగుతుండె. రెండు మాటలు పడితే నీ నెత్తి పగులుతుండెనా?" ఆ రోజునుంచి ఆమె అతనికి కంచం పెట్టేది గానీ, పక్కన కూర్చుని వడ్డించడం మానేసింది. సందులో ఎవరికీ కనబడని శిక్ష అది. ఒక్క నాకు తప్ప.

యుద్ధం వచ్చింది. బియ్యానికి, దీపాల్లోకి గ్యాసునూనెకు వరసలు కట్టే రోజులొచ్చాయి. గోరీ రాళ్ల పని మాత్రం తగ్గలేదు. షౌకత్ బీ అప్పటికే హాజీ అయి తిరిగొచ్చి, సందంతటికీ ఖర్జూరాలు పంచి, మళ్లీ నల్లా దగ్గర నాతో లొల్లి పెట్టుకుంది. మొగులయ్య జుట్టు పూర్తిగా నెరిసిపోయింది. ఐదో కమాన్ కథ అడిగేవాళ్లూ తగ్గారు. నేను కూడా మర్చిపోయాను.

ఒక చలికాలం మీరాలం చెరువు దగ్గర ఎవరి తోటలోనో మెట్ల రాళ్లు సరిచేయడానికి అతన్ని పిలిచారు. పని ముగించుకుని చెరువు కట్ట మీదుగా వస్తున్నాడు. ఆ కట్ట చూశారో లేదో, కమాన్లను పక్కకు పడుకోబెట్టి వరసగా పేర్చినట్టు ఉంటుంది. చెరువులో ఒక పడవ ఒడ్డుకు వస్తోంది. పడవలోని మనిషి వల మడిచే తీరు చూసి మొగులయ్య కాళ్లు నిలబడిపోయాయట. ఈసారి దాక్కోవడానికి తలుపు లేదు. అవతలివాడు అప్పటికే చూశాడు.

"ఏటన్నా, బాగున్నావా?" అన్నాడు ఇశ్రాయేలు.

ఆ తర్వాతి మాటలన్నీ మొగులయ్య ఇంటికొచ్చి మాణిక్యమ్మకు చెప్పాడు. నేను గోడ ఇవతల నిలబడి విన్నాను. అతను విననివ్వకుండా గొంతు తగ్గించలేదు కూడా. విన్నది విన్నట్టు చెప్తాను.

మొగులయ్య కట్ట మీదే కూలబడ్డాడట. ఎన్నో ఏళ్లుగా లోపల తిప్పుకుంటున్న మాటలన్నీ ఒక్కసారే బయటపడ్డాయట. "తమ్మీ, నా మాట నమ్మి నువ్వు మునిగినవ్. నేను కొట్టి చూసి నిలుస్తది అన్న. బొట్టు పెట్టిన. నీ పడవ నా వల్లనే పోయింది. నన్ను చెప్పుతోని కొట్టు."

ఇశ్రాయేలు వల కింద పెట్టాడు. "ఏ మాటన్నా?"

"గదే, కమాన్..."

"గుమ్మం సంగతా?" ఇశ్రాయేలు నవ్వేశాడట. "నీ మాట నమ్మి ఎవడెట్టాడన్నా పడవలు? మా తాతల కాడ్నించీ అక్కడే పెడతన్నాం. ఆ ఒడ్డంతటికీ నీడ అక్కడే ఉంది మరి. పడిపోద్దని మా మామ్మ సెప్తానే ఉండేది, మేం ఇంటానే ఉండేవోళ్లం. నువ్వేదో సుత్తి తీసి టింగు టింగుమని కొట్టీసి, ఎర్రగా ఏదో పామినావు. పిల్లలు నవ్వుకున్నారు. ఆ బొట్టు మర్నాటి పోటుకే కొట్టుకుపోనాది."

"మరి మీరందరు అడిగిన్రు గదా, నిలుస్తదా అని?"

"ఎవరడిగారు? నువ్వే సెప్పినావు."

ఇది చెప్తూ మొగులయ్య నవ్వాలని చూశాడు గానీ నవ్వు రాలేదు. అన్నేళ్లు మోసిన బరువు దిగిపోయింది. దిగినందుకు సంతోషపడాలి. కానీ ఆ బరువులో తను పెద్దవాడిలా ఉండేవాడు. ఒక పల్లె తన మాట మీద నిలబడి, తన మాట మీదే కూలిందనుకున్నాడు. అక్కడ తన మాటను లెక్కపెట్టినవాళ్లే లేరు. మనిషికి తనింత చిన్నవాడినని తెలిస్తే ఎలా ఉంటుందో నేను ఊహించగలను, నాకు కూడా నల్లా దగ్గర కొన్ని అనుభవాలున్నాయి.

"గట్లయితే మా ఇంటికి ఎందుకొచ్చినవ్ తమ్మీ?" అని అడిగాడట.

"పడవ పోయాక అక్కడ బతుకు నేదన్నా. నా పెళ్లాం ఎస్తేరునీ, మూటల్నీ ఎంటేసుకుని రైలెక్కీసినాను. ఈ ఊళ్లో నాకు తెలిసిన ఇల్లు నీదొక్కటే. రాళ్లు మొయ్యడానికైనా పెట్టుకుంటావని వచ్చినాను. పనేదైనా దొరికీదాకా నీ వసారాలో పడుందుం."

అప్పుడు మొగులయ్య ఏమన్నాడో తెలుసా? చెప్తూ చెప్తూ ఇక్కడ ఆగాడు. మాణిక్యమ్మ, "ఏమన్నవ్?" అని అడిగింది. రెండోసారి అడిగాక చెప్పాడు. అంత మంచి మనిషి ఎదురుగా నిలబడి ఉండగా, ఎవరూ బలవంతం చేయకుండానే, "ఆ దినం నేను ఇంట్ల లేకపోతి గదా తమ్మీ," అన్నాడట.

ఇశ్రాయేలు మళ్లీ వల తీసుకుని మడవడం మొదలుపెట్టాడట. తల ఎత్తలేదట. "సందు మొగదల్లోనే నీ సుత్తి సప్పుడు ఇన్నానన్నా. ఏడాదంతా నీ పక్కన ఇన్న సప్పుడే, నాకు తెలవదేటి? నేను నీ పేరెత్తి అడిగీసరికి ఆగిపోనాది. ఎస్తేరు సందు మలుపులోనే మూటల కాడ కూకుని ఉంది. అదీ ఇన్నాది. 'ఆయన ఉన్నాడు, మనం అక్కర్నేదు' అంది."

అక్కడితో మొగులయ్య చెప్పడం ఆగిపోయింది. గోడ అవతల అతను ఏడుస్తున్నాడు. ముసలివాళ్లు ఏడిస్తే చప్పుడు ఎక్కువ రాదు, అందుకే వినడం ఇంకా కష్టం. నేను లోపలికి వచ్చేశాను. ఆ గోడ దగ్గర నిలబడకుండా నాకై నేను వచ్చేసింది ఆ ఒక్కసారే.

మర్నాడు పొద్దున అతను ఎదురింటికి వెళ్లి వాహెద్ భాయ్‌నీ షౌకత్ బీనీ వాకిట్లోకి పిలిచాడు. సందులో వాళ్లు కూడా నలుగురు పోగయ్యారు. కమాన్ ఎప్పుడో పడిపోయిందనీ, తెలిసి కూడా ఇన్నాళ్లూ ఉన్నదని చెప్పాననీ, ఇంటికొచ్చిన మనిషిని లేనని పంపేశాననీ తల వంచుకుని చెప్పాడు. షౌకత్ బీ ముందు చేతులు జోడించాడు.

"రాయి పడిపోతే నిన్ను ఎవరడుగుతరు మొగులయ్యా?" అన్నది షౌకత్ బీ. "నిలబెట్టిన దేవుడే తీసుకుండు. నాకు చెప్పిన అబద్ధం మాఫ్. మెహమాన్‌ను వాకిట్లకెల్లి మళ్లగొట్టినవ్ చూడు, అది మాఫ్ చేసేటందుకు నేనెవర్ని? పోయి వాళ్లనడుగు."

వాహెద్ భాయ్ వాకిట్లోని గోరీ రాయి మీద అంతవరకూ గీసుకున్న సుద్దగీతలను చెయ్యి పెట్టి చెరిపేసి, మళ్లీ మొదటినుంచి రాయడం మొదలుపెట్టాడు.

మాణిక్యమ్మ ఆ పూటే జొన్నరొట్టెలు, కోడికూర వండి, గిన్నె నెత్తిన పెట్టుకుని మీరాలం చెరువుకు నడిచి వెళ్లింది. తోడుగా నేను కూడా వెళ్లాను. చెరువు వెనక చేపలు పట్టేవాళ్ల గుడిసెలు ఉన్నాయి. ఎస్తేరు సన్నగా, గట్టిగా ఉన్న మనిషి. మమ్మల్ని చూసి ఎవరని అడగలేదు. మాణిక్యమ్మ గిన్నె దించి, "అబద్ధమాడిన నోరు నాదేనమ్మా," అన్నది. ఎస్తేరు ఆమె చెయ్యి పట్టుకుని లోపలికి తీసుకుపోయి చాప వేసింది. మూడు రోజులు రైల్వే స్టేషన్ వసారాలో పడుకున్న సంగతి, తర్వాత చేపల మార్కెట్లో బుట్టలు మోసిన సంగతి చెప్పింది. కోపంగా చెప్పలేదు. మా ఇంటికి రమ్మని మాణిక్యమ్మ బతిమాలితే మాత్రం, "ఆ సందులోకి నేను రాను," అని ఊరుకుంది.

ఇశ్రాయేలు వచ్చేవాడు. వాకిట్లో కూర్చుని మొగులయ్యతో బీడీలు కాల్చేవాడు, వాహెద్ భాయ్ రాతలు చూసి ఆశ్చర్యపోయేవాడు. ఎస్తేరు ఎన్నడూ రాలేదు. అందుకని మొగులయ్యే చెరువుకు వెళ్లేవాడు. వారానికోసారి, పని లేని రోజున, ఏదో ఒకటి చెక్కి తీసుకుపోయేవాడు, రుబ్బుగుండో, దంపుడు రోలో. ఆమె తీసుకునేది. బాగుందని కూడా అనేది. గుడిసె బయట బండ మీద కూర్చుంటే నీళ్లిచ్చేది.

మాణిక్యమ్మను, నన్ను మొదటి రోజునే చెయ్యి పట్టుకుని లోపలికి తీసుకుపోయిన మనిషి, మొగులయ్యను మాత్రం అతను పోయేదాకా ఒక్కసారి కూడా లోపలికి రమ్మనలేదు. వానొచ్చినా సరే, అతను ఆ బండ మీదే కూర్చునేవాడు.